నేలపట్టు చెరువుకట్ట మీద ప్రకృతి దినచర్య

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం 1976లో ఏర్పడింది. సుమారు 458 హెక్టార్ల ఈ కేంద్రంలో, చెరువు నీటిలోనే నిలిచి పెరిగే కడప చెట్ల మీద అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువుతో సమానమని తెలిసిన చుట్టుపక్కల రైతులు ఆ పక్షుల జోలికి పోరు. జనవరిలో ఒక ఉదయం ఈ చెరువుకట్ట మీద పదీ పన్నెండేళ్ల బడిపిల్లల చేత ప్రకృతి దినచర్య రాయించిన తీరును పరిశీలించడం ఈ పర్యటన ఉద్దేశం.

ప్రకృతి దినచర్య అంటే ఆరుబయట కంటికి కనిపించినదాన్ని, చెవికి వినిపించినదాన్ని అక్కడికక్కడే మాటల్లో, బొమ్మల్లో, అంకెల్లో నమోదు చేసుకునే పుస్తకం. దీనికి గట్టి అట్ట ఉన్న గీతల్లేని నోటుపుస్తకం, తడిసినా గీత చెదరని పెన్సిలు చాలు. ప్రతి పుట నెత్తినా తేదీ, స్థలం, సమయం, ఎండో మబ్బో రాయడం మొదటి నియమం. తేదీ ఉన్న పరిశీలనను వచ్చే ఏటి పరిశీలనతో పోల్చవచ్చు, తేదీ లేనిది వట్టి జ్ఞాపకంగానే మిగిలిపోతుంది.

మొదటి పని శబ్దపటం. పిల్లలు దూరదూరంగా కూర్చుని, పుట నడుమ తమకు గుర్తుగా ఒక చుక్క పెట్టుకుని, ఏ దిక్కున ఏ చప్పుడు వినిపిస్తే ఆ వైపు ఒక గుర్తు వేశారు. ఐదు నిమిషాలు గడిచేసరికి గూళ్లలోని పిల్లల అరుపులతో పాటు రహదారి మీది లారీల హారన్లు కూడా పుటల మీదికి ఎక్కాయి.

తరువాతి పనికి, అమెరికా ప్రకృతి చిత్రకారుడు జాన్ మ్యూర్ లాస్ బాగా ప్రచారంలోకి తెచ్చిన మూడు మెట్లు ఆధారం: ఏం గమనించాను, ఏ సందేహం వచ్చింది, దీన్ని చూస్తే ఏం గుర్తుకొచ్చింది. పక్షి పేరు చెప్పగానే పిల్లలు ఇక చూడడం మానేస్తారన్న ఎరుకతో ఉపాధ్యాయురాలు పేర్లను చివరిదాకా దాచి ఉంచారు. బొమ్మ సరిగా రావడం లేదని రబ్బరు కోసం వెతుకుతున్నవారికి, ఇది చిత్రలేఖనం పోటీ కాదని, కుదరని గీతను అలాగే వదిలి పక్కన మరొకటి గీయమని చెప్పారు.

ఒక అమ్మాయి బైనాక్యులర్‌లో చూసిన కొంగ ముక్కు మూసుకున్నా, నడుమ సన్నని సందు మిగిలింది. "మేడమ్, దాని ముక్కు విరిగిందా?" అన్న ప్రశ్నకు, "పక్కనున్నవాటిని కూడా చూడమ్మా" అన్నదే జవాబు. పావుగంట తరువాత ఆమె పుటలో మూడు తలలు చేరాయి: రెండింటికి సందు ఉంది, గూటిలోని పిల్లకు లేదు. ఆ పిల్ల ముక్కుకు బాణం గుర్తు వేసి, "ఇది వేరే జాతా, లేక చిన్నదా?" అని రాసింది. ఈ జాతి పిల్లలకు పుట్టినప్పుడు ముక్కులో సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. పాఠంగా చెబితే ఒక్క వాక్యంలో ముగిసే ఈ విషయం దగ్గరికి ఆమె తన సందేహం పట్టుకునే చేరింది.

లెక్కపెట్టడానికీ ఒక పద్ధతి ఉంది: ముందు పది పక్షులను లెక్కించి, ఆ గుంపు చెట్టు మీద ఆక్రమించే మేరను కంటితో కొలిచి, అలాంటివి మొత్తం ఎన్ని ఉన్నాయో చూస్తారు. గూళ్ల దగ్గరికి పోకపోవడం, ఈకనైనా ఇంటికి తీసుకుపోకపోవడం మాత్రం సడలింపు లేని నియమాలు.

చివర పేర్లు చెప్పే వేళకు పిల్లలు తమ సొంత పేర్లతో సిద్ధంగా ఉన్నారు. మూడు తలలు గీసిన అమ్మాయి పుటలో "సందుముక్కు కొంగ" అని ఉంది; గూడబాతు ముక్కు కింది సంచిని చూసి, తాత పొలానికి నీళ్లు తోడిన గూడ గుర్తుకొచ్చిందని ఒక అబ్బాయి రాసుకున్నాడు. నత్తగుల్లల కోసం బురద వెతికే కొంగను నత్తగుల్ల కొంగ అన్నవారు కూడా ఇలాగే ఏదో చెరువుగట్టున నిలబడి, అది తినేదాకా చూసినవారే అయి ఉంటారు.