ట్యాంకులు కడిగే పిల్లలు కొన్న ఇల్లు

విశాఖ జ్ఞానాపురంలో గచ్చు తుడిచిన గుడ్డ పిండితే నీళ్లు నల్లగా దిగుతాయి. పోర్టులో బొగ్గు దించే రోజుల్లో గాలి ఇటు తిరిగితే చాలు, ఆరేసిన బట్టల మీదా పొడి చేరుతుంది. 1933లో రేవు తెరిచినప్పటి నుంచీ ఈ ఊరు దాని మీదే బతుకుతోంది, దాని దుమ్మూ పీలుస్తోంది. ఆ దుమ్ము కడగడమే పనిగా పెట్టుకున్న ముగ్గురు విద్యార్థుల సంగతి విని, ఓ ఆదివారం పొద్దున్న ఆరింటికి వాళ్లతో పాటు మూడంతస్తుల మేడ ఎక్కాను.

ఇద్దరు ఇంజనీరింగ్ అబ్బాయిలు, ఒకరిది టెక్కలి, ఇంకొకరిది చోడవరం. మూడో ఆమె లా చదువుతోంది, వేపగుంట అమ్మాయి. పేర్లు రాయొద్దన్నారు.

ట్యాంకులో నీళ్లు వదిలేశాక అడుగున నాలుగు వేళ్ల మందం బురద తేలింది. దాన్ని తోడి, గోడలు బ్రష్షుతో రుద్ది, ప్రెషర్ పంపుతో కొట్టి, బ్లీచింగ్ నీళ్లతో కడిగి, మళ్లీ మంచినీళ్లు పోసి వదిలారు. గంటన్నర పట్టింది. నేల కింద సంపు అయితే పద్ధతి వేరు. మూత తీసి, ఫ్యాను పెట్టి చాలాసేపు గాలి ఆడనిస్తే గానీ ఎవరూ దిగరు. దిగినవాడి నడుముకు తాడు కడతారు. "తాడు పట్టుకున్నోడు ఫోను ముట్టుకోకూడదు మాస్టారూ. పని పోయినా పర్లేదు, ఆ రూలు మాత్రం తప్పం" అన్నాడు చోడవరం అబ్బాయి. మూసిన సంపుల్లో ఊపిరాడక పోయిన కూలీల వార్తలు ఎన్ని చదివామో! ఇరవై ఏళ్ల పిల్లలు ఇంత జాగ్రత్త నేర్చుకున్నందుకు నాకు మనసు నిండింది.

వచ్చిన డబ్బు ముగ్గురున్నా నాలుగు వాటాలు వేశారు. నాలుగోది చీటీకి. జీతం స్లిప్పు లేని విద్యార్థికి బ్యాంకు ఇంటి అప్పు ఇవ్వదు కదా. రిజిస్టరైన కంపెనీలోనే చీటీ వేసి, తొందరపడి తక్కువకు పాడుకోకుండా చివరి నెలల దాకా ఆగారు.

చేతిలో నాలుగు డబ్బులు ఆడితే ఈ ఊళ్లో స్థలాల ఏజెంటుకు ఇట్టే తెలిసిపోతుంది. రాజధాని అన్నప్పుడు ఒకసారి, భోగాపురం విమానాశ్రయమన్నప్పుడు ఒకసారి, 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చినప్పుడు మరోసారి విశాఖలో గజం లెక్కే మాట అయిపోయింది. హోమియో వైద్యం నుంచి హైదరాబాదు నిర్మాణ రంగంలోకి వచ్చి 'మై హోమ్' పెట్టిన జూపల్లి రామేశ్వరరావు కథ టెక్కలి అబ్బాయికి కంఠతా వచ్చు. ఆనందపురం దాటాక ఓ లేఅవుటులో అడ్వాన్సు కట్టడానికి అబ్బాయిలిద్దరూ సిద్ధపడ్డారు కూడా.

అడ్డుపడింది వేపగుంట అమ్మాయే. లేఅవుటు అనుమతికి ఇచ్చే ఎల్‌పీ నంబరు ఏదంటే "వస్తాదమ్మా" అన్నాడట ఏజెంటు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటును రెరాలో నమోదు చేయకుండా అమ్మకానికి పెట్టకూడదని 2016 చట్టం చెబుతోంది. ఆమె అక్కడితో ఆగక సర్వే నంబరు పట్టుకుని పాత అడంగల్ తీయించింది. అది డి-పట్టా భూమి, ఎప్పుడో పేదలకు ప్రభుత్వం ఇచ్చింది. అలాంటి భూమి చేతులు మారకుండా 1977లోనే చట్టం వచ్చింది. తర్వాత సవరణలు వచ్చినా, ఏ నంబరు విడుదలైందో, ఏది ఇంకా నిషేధంలో ఉందో రిజిస్ట్రేషన్లు నిషేధించిన భూముల 22ఎ జాబితా చూస్తే గానీ తేలదు.

ఈ పట్టుదల ఎక్కడిదమ్మా అని అడిగాను. "మాది పంచగ్రామాల్లో ఇల్లండీ" అంది. అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి. సింహాచలం దేవస్థానంతో భూవివాదం ఏళ్ల తరబడి నలుగుతున్న ఊళ్లు. "తాత కట్టిన ఇల్లు. అక్క పెళ్లికి తాకట్టు పెడదామంటే బ్యాంకోళ్లు కాగితం చూసి వెనక్కిచ్చీసారు. ఆ రోజు నాన్న మొహం చూశాను."

చివరికి వాళ్లు కొన్నది శ్రీహరిపురం వెనక సందులో ఓ చిన్న పాత ఇల్లు. మూడు గదులు, ఓ నుయ్యి. ఇక్కడి నేల చరిత్ర తెలిసినవాళ్లకు ఆ వీధుల్లో నడుస్తుంటే గుండె బరువెక్కుతుంది. ఉక్కు కర్మాగారం కోసం 64 ఊళ్లు భూములిచ్చాయి. నిర్వాసితుల కుటుంబాలు గాజువాక చుట్టుపక్కలే కొత్త కాలనీల్లో మళ్లీ పొయ్యి వెలిగించుకున్నాయి. ఇప్పుడు ఈ ఇంట్లో షిప్‌యార్డు అప్రెంటిస్‌లు ఇద్దరు, గంగవరం పోర్టులో కాంట్రాక్టు పనివాడు ఒకడు అద్దెకుంటున్నారు. ధర పెరిగితే అమ్ముకుందామని కాక, నెల తిరిగేసరికి అద్దె వచ్చేలా కొన్నారు. ఈ వయసులో ఇదే సరైన దారని నా నమ్మకం.

లెక్క తప్పింది ఒక్కచోట. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు కలిపి 7.5 శాతం అవుతుందని వేసుకోలేదు. చోడవరం అబ్బాయి అమ్మ గొలుసు తాకట్టుకు వెళ్లింది. వానాకాలం ముందు వరసగా దొరికిన సంపుల పనితో విడిపించారు.

దస్తావేజు ముగ్గురి పేరున, అవిభక్త వాటాలతో ఉంది. దాంతోపాటు వేరే ఒప్పందం రాసుకున్నారు. వచ్చే ఏడాది చదువులు అయిపోతాయి, ఎవరు ఏ ఊరు పోతారో తెలియదు. వెళ్లేవాళ్లు తమ వాటా ముందు మిగతా ఇద్దరికే చూపించాలి, ధర బయటి మనిషి చేత కట్టించాలి. అన్నదమ్ములే ఇలా రాసుకోక కోర్టుల చుట్టూ తిరగడం ఎన్ని ఇళ్లలో చూశానో.

మధ్యాహ్నం ఆ ఇంటి అరుగు మీద కూర్చుని వేపగుంట అమ్మాయి ఇంకో ఫైలు తెరిచింది. పెదగంట్యాడలో రెండో ఇల్లు. ముప్ఫై ఏళ్ల ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఓ పాత తనఖా ఉంది, అది తీరినట్టు కాగితం మాత్రం లేదు. "సోమవారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్తాను. అది తేలేదాకా అడ్వాన్సు ఇవ్వం" అంది. టెక్కలి అబ్బాయి ఏదో అనబోయాడు. అంతలో సింధియా నుంచి ఫోను, సంపు కడగాలట. వాడు లేచి ఆటోలో ఫ్యాను ఉందో లేదో చూడ్డానికి వెళ్లాడు.