శూలాగ్రమున ధాతువు

సింహళ రాజవంశచరిత్రమైన మహావంశమును తిరుగవేయునపుడెల్ల నా మనస్సు దుట్ఠగామణి యను రాజు కథకడనే నిలిచిపోవును. అనురాధపురము నేలుచున్న ఎల్లాళుఁడను చోళుని జయించుటకై ఆ రాజు తన శూలమున బుద్ధధాతువును, అనఁగా బుద్ధుని అవశేషమును, పొదిగించి, ఐదువందల భిక్షువులను వెంటఁగొని దండు వెడలెనఁట! విజయానంతరము హతులను తలంచి కుమిలిపోవుచున్న వానికడకు ఎనమండుగురు అర్హంతులు, అనఁగా ముక్తులైన భిక్షువులు, వచ్చి, చచ్చినవారిలో త్రిశరణము మాత్రమే పొందినవాఁడొకఁడు, పంచశీలము కూడ స్వీకరించినవాఁడొకఁడు కలరనియు, అంతయు కలిపి ఒకటిన్నర మనుష్యులే యనియు, తక్కినవారు పశుప్రాయులనియు ఊరడించిరి. ఈ గణితమును వ్రాసిపెట్టినవాఁడు భిక్షువే సుమా! ఓడిన శత్రువు సమాధికి పూజ జరుపవలెనని శాసించిన ఆ రాజే, నా కంటికి, అర్హంతులకంటె మేలైన బౌద్ధుఁడు. అయినను ఇరువదవ శతాబ్దపు సింహళ జాతీయవాదులు ఆదర్శముగాఁ గైకొన్నది ఆ శూలమునే. సింహళమే రాజభాషయని 1956లో చట్టము చేయించిన ప్రధాని బండారనాయకెను 1959లో కాల్చిచంపినవాఁడును కాషాయధారియే.