మా కొండా, ఒక ఇంగ్లీషు మాటా

మొన్న సెలవులకు బెంగుళూరు నుంచి వచ్చిన మా మనుమరాలు, "తాతా, వైల్డర్‌నెస్ అనే మాటకు తెలుగులో ఏమంటారు?" అని అడిగినది. ముప్పై ఏండ్లు ఇంగ్లీషు పంతులుగా బ్రతికినవాణ్ణి. వెంటనే చెప్పవలసినది. కాని నోరు పెగలలేదు. ఎందుకో చెప్పాలంటే 1974వ సంవత్సరానికి పోవలె.

అప్పుడు ఆలంగాయంలో నాకు కొత్త ఉద్యోగం. పాఠంలో ఈ మాట వచ్చినది. నల్లబల్లమీద "మనుష్యులు నివసించని చోటు" అని అర్థం వ్రాసినాను. అంతటితో ఊరుకోక, కిటికీలోనుంచి కనిపించే జవ్వాది కొండలవైపు చేయి చూపి, "అదిగో, అటువంటిది" అన్నాను. వెనుకబెంచీలోనుంచి ఒక మలయాళి పిల్లవాడు లేచినాడు. మలయాళి అంటే కేరళవాడు కాడు సుమండీ, మలమీద ఉండే జాతివాడు. "అయ్యా, మా ఇల్లు అక్కడే గదా" అన్నాడు అరవంలో. తరగతి అంతా గొల్లుమన్నది. నేనూ నవ్వినాను. వాడు కూర్చున్నాడు. ఆ యేడు మళ్లీ నన్నొక ప్రశ్న అడగలేదు.

ఆ నవ్వు నన్ను చాలకాలం పీడించినది. పెద్ద నిఘంటువు దొరికినప్పుడల్లా మొదట ఈ మాటే వెతికేవాణ్ణి. పాత ఇంగ్లీషులో 'దేఓర్' అంటే మృగం, ఏ మృగమైనా సరే. 'వైల్డ్' అనేది దాని ముందు చేరి అడవి మృగమైనది. దానికి 'నెస్' తగిలించగా అడవి మృగాల తావు అయినది. ఇదీ ఆ మాట పుట్టుక. అందులో మనిషి లేడన్న సంగతి ఎక్కడా లేదు. ఉన్నది మృగం మాత్రమే.

తరువాత ఆ 'దేఓర్' కుంచించుకొనిపోయి 'డీర్', అనగా ఒక్క జింక, అయి కూర్చున్నది. ఇది చదివినప్పుడు నాకు మన మృగమే కండ్లముందు నిలిచినది. సంస్కృతంలో మృగమంటే అడవి జంతువూ అవును, జింకా అవును. మృగరాజు అన్నప్పుడు జంతువు, మృగశిర అన్నప్పుడు జింక తల. ఆ కార్తె పేరు తెలియని రైతు ఉంటాడా? ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మనం! రెండుచోట్లా జంతువన్న మాటకు జింకే పట్టుబడినది.

బైబిలును ఇంగ్లీషులోకి తెచ్చినవారు యూదుల దేశపు ఎండు నేలకు, గొర్రెలు మేసే బీడుకు, ఈ మాటనే వాడినారు. తెలుగు బైబిలులో అది అరణ్యమైనది. కనుక మన క్రైస్తవ సోదరులు అరణ్యమని చదివేచోట చెట్లను ఊహించుకొంటే తప్పు వారిది కాదు. 'జంగిల్' కథ దీనికి తలక్రిందు. సంస్కృత జాంగలం చెట్లు పలుచనైన పొడినేల. ఇంగ్లీషువాడి నోటబడి అదే దట్టమైన కారడవి అయినది.

ఇక మనిషిని ఆ మాటలోనుంచి బయటికి పంపినదెవరు? అమెరికాలో 1964లో ఈ పేరుతోనే ఒక చట్టం వచ్చినది. అటువంటి చోటికి మనిషి చుట్టపుచూపుగా వచ్చిపోయేవాడే గాని నిలిచేవాడు కాడని దాని తాత్పర్యం. ఆ నేలల్లో ఎన్నో తావులలో వారికంటె ముందు మూలవాసులు వేటాడి, కాపురముండి, నడచినవారే. మన దగ్గర ఇంకా ముందే, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చినది. మా ఊళ్లో నేటికీ కొందరు అడవి అనరు, 'రిజర్వు' అంటారు. కొండవాసుల హక్కును గుర్తించే చట్టం 2006 దాకా రాలేదు. నేను నల్లబల్లమీద వ్రాసిన అర్థం నిఘంటువుది అనుకొన్నాను. అది సర్కారు అర్థం.

మన మాటలు వేరు. అరణ్యమన్నది అరణం, అనగా పరాయిది, దూరమైనది, అన్నదానినుంచి వచ్చినదంటారు పండితులు. ఊరివాడు నిలబడి చూసిన చూపు అది. అరవంలో కాడు అంటే అడవీ అవును, మెట్టచేనూ అవును. దున్నిన నేలకూ దున్నని నేలకూ ఒకటే పేరు! జవ్వాదిమీద సామలు పండించేవానికి ఆ పేరే సరిపోతుంది.

మా కొండమీద మనిషి పొలిమేర వేయనిది ఒకటే, చీకటి. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పుగారు ఆ చీకటిని వెతుక్కొంటూ వచ్చి కావలూరులో వేధశాల పెట్టించినారు. 1968లో అక్కడ 38 సెంటీమీటర్ల చిన్న దూరదర్శిని, 1986లో 2.34 మీటర్లది. నక్షత్రాలకోసం వచ్చినవారు కూడ చుట్టూ ఊళ్లున్నవని ఎరుగుదురు.

ఇదంతా చెప్పేసరికి మనుమరాలు ఆవులించి, "ఒక్క మాటలో చెప్పు తాతా" అన్నది. "అడవి అని వ్రాసుకో, ప్రక్కన ఒక ఇల్లు బొమ్మ వెయ్యి" అన్నాను. "అక్కడ ఎవరి ఇల్లు?" అని అడిగినది.

ఆ పిల్లవాడి పేరు నాకు జ్ఞాపకమున్నది. కొండమీద ఏ ఊరో మాత్రం నేను అడిగి ఉండలేదు.