తొలి పాట వేసిన దారి

మొదలే చెడిపోతే చెప్పుకోవడానికి మనకొక సామెత వున్నది - ప్రథమ కబళే మక్షికాపాతః అని. మొదటి ముద్దలోనే ఈగ పడిందన్నమాట. అదే మొదటి ముద్ద అమృతంలా దిగితే ఏమనాలో మాత్రం పెద్దలెవరూ చెప్పి పెట్టినట్లు లేదు. తెలుగులో ఎం.ఏ. చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్నదాన్ని గనుక పిల్లలు నన్నే అడుగుతారు. నేనూ వెతుకుతూనే వున్నాను.

మాది పులికాట్ సరస్సు ఒడ్డు. సూళ్ళూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డెక్కితే అటూ ఇటూ నీళ్ళే. చలికాలంలో ఆ నీళ్ళలో ఫ్లెమింగోలు బారులు తీరి నిలబడతాయి. అప్పుడప్పుడు వాటి తలమీదుగా రాకెట్టు పోతూ వుంటుంది. పరదేశపు పక్షులకు అలవాటుపడిన ప్రాంతం గనుక పరదేశపు పాటలకు కూడా మావాళ్ళు అట్టే బెదరలేదు. పైగా దగ్గరలోని శ్రీసిటీలో 2025 మే నెలలో కొరియావారి ఎల్.జి. కంపెనీ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. కొరియా అంటే మా పిల్లలకిప్పుడు ఉద్యోగమూ, పాటా - రెండూనూ.

ఆ పాటల సంగతి నాకు చెప్పింది మా డిగ్రీ క్లాసు అమ్మాయిలే. బ్లాక్‌పింక్ అని నలుగురు అమ్మాయిల జట్టు వున్నదట. 2016 ఆగస్టు 8వ తేదీన ఒక్కసారిగా రెండు పాటలతో రంగంలోకి దిగింది. అందులో 'బూంబాయా' అనే పాట వీడియోను 2020 నాటికే యూట్యూబులో వందకోట్లసార్లు చూశారు. కోచెల్లా అని అమెరికాలో పెద్ద సంగీతోత్సవం వున్నది. 2019లో అక్కడ పాడిన తొలి కొరియా అమ్మాయిల జట్టు ఇదే. 2023లో మళ్ళీ వెళ్ళి అదే వేదికమీద ప్రధాన గాయనులయ్యారు. "మొదటి పాటతోనే నిలిచిపోయారు మేడమ్!" అంటారు మా పిల్లలు, తామే పాడినంత గర్వంగా.

స్టాఫ్ రూములో ఈ మాట ఎత్తితే ఒక సహోద్యోగి నవ్వేశారు. "చెరువులో రాయి వేస్తే అలలు లేవవూ? కాసేపటికి నీళ్ళు నీళ్ళే!" అన్నారు.

నిజమేనా? అలలు సరే, రాయి వేసినచోటు నుంచి మరేమీ మిగలదా?

కొరియా సంగతే తీసుకుందాం. బ్లాక్‌పింక్ పిల్లలు పుట్టకముందు, 1950-53 యుద్ధకాలపు లేమిలో, లీ నాన్-యంగ్ అనే ప్రసిద్ధ గాయని తన ఇద్దరు కూతుళ్ళనూ, అన్నగారి కూతురినీ కూర్చోబెట్టి పాటలు నేర్పింది. వారే కిమ్ సిస్టర్స్. ఇంగ్లీషు ముక్క రాకపోయినా, పలుకును పలుకుగా బట్టీపట్టి, అమెరికన్ సైనికుల శిబిరాల్లో పాడారు. 1959లో అమెరికా చేరి లాస్ వేగాస్‌లో కచేరీలు చేశారు. ఎడ్ సల్లివాన్ టెలివిజన్ కార్యక్రమంలో ఇరవైసార్లకు పైగా కనిపించారు. సరిగ్గా యాభై ఏళ్ళకు, 2009లో, వండర్ గర్ల్స్ అనే మరో అమ్మాయిల జట్టు పాట అమెరికావారి తొలి వంద పాటల పట్టికలోకి ఎక్కింది. మధ్యలో ఎన్ని జట్లు వచ్చి పోయాయో! మొదటి జట్టు పాటలు ఈనాటి పిల్లలకు రావు. కాని ఆ దేశపు ఆడపిల్లలు సముద్రం దాటి వేదికెక్కవచ్చునన్న సంగతి మాత్రం 1959లోనే తేలిపోయింది.

అంతదూరం పోవడమెందుకు? మన కాకినాడలో వింజమూరి వారి ఆడపిల్లలు లేరూ? సీత, అనసూయ అని విడివిడిగా కాక, సీత-అనసూయ అని ఒక్క పేరులా పలికేవారు మన పెద్దలు. తల్లి వెంకటరత్నమ్మ గారు రచయిత్రి, పత్రిక నడిపిన మనిషి. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు. 1920లో పుట్టిన అనసూయ గొంతు ఎనిమిదేళ్ళకే గ్రామఫోను రికార్డుకెక్కింది. ఆడపిల్ల నలుగురిలో కూర్చుని పాడితే చెవులు కొరుక్కునే రోజులవి. ఆ రోజుల్లో ఈ అక్కచెల్లెళ్ళు వేదికమీదికి తెచ్చినది ఏమిటి? తిరగలి దగ్గర, రోకలి దగ్గర, ఉయ్యాల దగ్గర, అప్పగింతలప్పుడు మన అమ్మమ్మలు పాడుకున్న పాటలు! ఇంట్లో పనికిరాకుండా పడివున్నదనుకున్న సొత్తును కచేరీలోనూ, రేడియోలోనూ నిలబెట్టారు.

దాని ఫలితం చూడండి. 'మా భూమి' చిత్రానికి సంగీతం కూర్చినవారిలో వింజమూరి సీతాదేవి గారు ఒకరు. అనసూయాదేవి గారి కుమార్తె రత్నపాప అమెరికాలోని హ్యూస్టన్‌లో కూచిపూడి నాట్యాన్ని నిలబెట్టింది. సీతాదేవి గారు 2016లో, అనసూయాదేవి గారు 2019లో, తొంభై ఎనిమిదో ఏట, కన్నుమూశారు. వారి రికార్డులు ఎందరి ఇళ్ళలో వున్నాయో లెక్క అక్కరలేదు. ఈవేళ పాఠశాల వార్షికోత్సవంలో ఏ అమ్మాయి జానపద గేయం ఎత్తుకున్నా, "ఇదేం పాట?" అని ఎవరూ అడగరు. ఆ అడగకపోవడమే వారు మిగిల్చిపోయిన ఆస్తి.

ఈ మాటలన్నీ నేను రెండేళ్ళ కిందట మా సాంస్కృతిక కమిటీలో చెప్పవలసి వచ్చింది. మా అమ్మాయిలు నలుగురు వార్షికోత్సవంలో కొరియా పాటకు ఆడతామని పేర్లిచ్చారు. అప్పటిదాకా మా కాలేజీలో ఆడపిల్లలు ప్రార్థనా గీతం పాడేవారు, కోలాటం వేసేవారు. తమకు తాముగా జట్టుకట్టి వేదిక అడిగినది లేదు. వాదోపవాదాలయ్యాయి. చివరకు, ఒంటినిండా దుస్తులు వేసుకోవాలన్న షరతుమీద ఒప్పుకున్నారు.

అయితే అసలు చిక్కు కమిటీతో కాదు. ఆ నలుగురిలో ఒక పిల్లది సరస్సు ఒడ్డున ఒక పాళెం. తండ్రి పడవమీద వేటకు పోతాడు. తల్లి చేపలూ, రొయ్యలూ గంపకెత్తి అమ్ముతుంది. వార్షికోత్సవానికి రెండు రోజుల ముందు ఆ తల్లి బేరం ముగించుకుని నేరుగా కాలేజీకి వచ్చింది. గంప వరండాలో దించి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"మేడమ్, మా పిల్ల ఆడేది నేను కాదనను. దానికి ఆశ వుండాది. పై వారం చూసుకునేదానికి వస్తా వుండారు. సెల్లుల్లో తీసి వూరంతా పంపిస్తే మళ్ళీ ఎవురొస్తారు మేడమ్ మా గడపకు?"

"పోనీ, వద్దని చెప్పమంటావా అమ్మా?" అన్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "నేను చెప్పలేకనే కదా మీకాడికొచ్చింది. మీరూ చెప్పబాకండి," అన్నది.

ఆ సాయంత్రం సెల్‌ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టించాం. పిల్లలు నాలుగు నిమిషాలు ఆడారు. వెనక వరుసల్లో కూర్చున్న ఆడపిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక ఫోను ఎట్లాగో లోపలికి వచ్చే వున్నది. మరునాటికల్లా వీడియో పాళెం చేరింది. ఆ సంబంధం తప్పిపోయింది. కారణం ఆటేనో, కట్నమో ఎవరూ పైకి చెప్పలేదు. ఆ పిల్ల నెలరోజులు కాలేజీకి రాలేదు. తరువాత వచ్చి, పరీక్షలు రాసి, పాసయింది. ఇప్పుడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నది.

కనుక తొలి అడుగు ఖరీదులేనిదని నేననను. వందకోట్ల చూపులు దక్కినవారి సంగతి లోకం చెప్పుకుంటుంది. వేసిన దారికి వెల చెల్లించి పక్కకు తప్పుకున్నవారి సంగతి ఎవరూ రాసుకోరు. కాని దారి మాత్రం ఇద్దరిదీ ఒక్కలాంటిదే. వెనక వచ్చేవారు అడగవలసిన అనుమతి ఒకటి తగ్గుతుంది.

మరుసటి ఏడు మా వార్షికోత్సవానికి మూడు జట్లు పేర్లిచ్చాయి. ఒకటి కొరియా పాటకు, ఒకటి సినిమా పాటకు, మూడోది పడవవాళ్ళ పాటకు. కమిటీలో వాదన జరగలేదు. ఎవరు ముందు, ఎవరు తరువాత అన్నదే చర్చ. పడవపాట జట్టులో ముందు నిలబడ్డది ఎవరనుకున్నారు? ఆ పాళెం పిల్ల చెల్లెలు. దాని ఫీజు కట్టేది అక్కే. ఈసారి వాళ్ళ అమ్మ కూడా వచ్చింది, గంప లేకుండా, మంచి చీర కట్టుకుని. మూడో వరుసలో కూర్చున్నది. ఫోన్లు బయట పెట్టించమని నన్ను అడగలేదు.