లడ్లో నుంచి కారు తెచ్చుకున్నాం

మా అమ్మాయి వాళ్ళుండేది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో. పురిటికి సాయంగా వెళ్ళి అయిదు నెలలున్నాను. మనవరాలికి మూడో నెల వచ్చేసరికి కారు లేకపోతే గడవదని తేలిపోయింది. ఆ చలిలో, ఆ వానలో పసిపిల్లని భుజాన వేసుకుని రెండు బస్సులు మారి ఆసుపత్రికి వెళ్ళడం మాటలా? కూడబెట్టిన పన్నెండు వందల పౌండ్లతో పాత కారే కొనాలి. వెతగ్గా వెతగ్గా లడ్లో అనే ఊరి దగ్గర పల్లెలో ఒకటి దొరికింది. పెద్దాయనకి చూపు మందగించి రెండేళ్ళ కిందట నడపడం మానేశాడట. అప్పట్నుంచీ కారు పెరట్లో షెడ్డులోనే ఉంది. అందుకే చవక.

చవకకి కారణం ఇంకొకటుంది. దానికి ఎం.ఓ.టి. లేదు. అక్కడ కారుకి మూడేళ్ళు నిండాక ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించాలి. 1960 నుంచీ ఉన్న పద్ధతి ఇది. బ్రేకులు, టైర్లు, దీపాలు, స్టీరింగు, సీటు బెల్టులు, పొగ అన్నీ చూస్తారు. ఇంజను, గేరుబాక్సు ఎలా ఉన్నాయన్నది మాత్రం చూడరు. పరీక్ష లేని కారుని రోడ్డెక్కిస్తే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. మరి కొన్న కారుని ఇంటికి తెచ్చుకునేదెలా? లారీ మీద ఎక్కించి తెచ్చేవాళ్ళున్నారు గానీ, వాళ్ళడిగిన కిరాయి వింటే మా అల్లుడుగారి మొహం వాడిపోయింది.

చట్టంలో ఒక సందు ఉంది. ముందుగా టైము తీసుకుని ఉంటే, ఆ పరీక్షకి వెళ్ళడానికి మాత్రం నడుపుకోవచ్చు. రోడ్డు టాక్సు కట్టకపోయినా ఆ ఒక్క ప్రయాణానికీ ఫరవాలేదు. ఇన్సూరెన్సు మాత్రం ఉండి తీరాలి. దారిలో షాపింగులూ, చుట్టాలిళ్ళూ కుదరవు.

"అయితే బర్మింగ్‌హామ్‌లోనే టైము తీసుకుంటాను అత్తయ్యగారూ. నలభై మైళ్ళ చిల్లరే కదా, తిన్నగా వచ్చేద్దాం" అన్నారు అల్లుడుగారు.

"చట్టం ఒప్పుకుంటుంది సరే, బ్రేకులు ఒప్పుకోవద్దూ? రెండేళ్ళు కదలని కారులో పిల్లని ఎక్కించను" అంది మా అమ్మాయి. కాసేపు ఇద్దరికీ మాటల్లేవు. నేను వంటింట్లోకి వెళ్ళి పులిహోరకి చింతపండు నానబెట్టాను. చివరికి లడ్లోలోనే ఒక గ్యారేజీలో శుక్రవారం పదకొండు గంటలకి టైము తీసుకున్నారు.

పిల్లని కూర్చోబెట్టే కారు సీటు కూడా మోసుకుంటూ పొద్దున్నే రైలెక్కాం. అది లేకుండా పసిపిల్లని కారెక్కించడం అక్కడ నేరం. ష్రూస్‌బరీలో రైలు మారాక దారి భలే ఉంది. రెండు పక్కలా పచ్చటి కొండలు, వాటి మీద ఆవగింజలు చల్లినట్టు గొర్రెలు.

స్టేషను నుంచి టాక్సీలో ఆ పల్లెకి వెళ్ళాం. పెద్దావిడ టీ ఇచ్చి, పిల్లని ఎత్తుకుని చాలాసేపు దించలేదు. పెద్దాయన కారు కాగితాల్లోంచి ఆకుపచ్చ చీటీ చింపి ఇచ్చాడు. కొత్త యజమానికి అదే ఆధారం. అసలు పుస్తకం తర్వాత పోస్టులో వస్తుంది. అల్లుడుగారు అక్కడే నిలబడి ఫోనులో ఒకరోజు ఇన్సూరెన్సు తీసుకుని, అప్పుడు తాళం తిప్పారు. మూడు మైళ్ళ దూరం ఆయన ఒక్కరే నడిపారు. మేము ముగ్గురం టాక్సీలోనే వెనకాల వచ్చాం.

ఆ కాగితాల పద్ధతి చూస్తే మా సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. మా వారు పాత స్కూటరు కొన్నప్పుడు 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేయించుకుని బీరువాలో పెట్టి, మూడేళ్ళు పాత యజమాని పేరు మీదే తిరిగాం. మీ ఇంట్లో కూడా అలాంటి కాగితాలుంటే ఈ పూటే తీయండి. ఇన్సూరెన్సు పధ్నాలుగు రోజుల్లోగా పేరు మార్పించుకోవాలి. పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్.టి.ఓ. నుంచి ఎన్.ఓ.సి. కూడా కావాలి.

పరీక్ష అయ్యేదాకా ఊరు చూశాం. లడ్లో చిన్న ఊరే. నడిబొడ్డున తొమ్మిది వందల ఏళ్ళు దాటిన కోట, దాని ముందు సంత. గంపల్లో ఆపిల్సు, రేగుపళ్ళంత ప్లమ్ములు, రకరకాల రొట్టెలు. తెల్లటి గోడలకి నల్లటి దూలాలు పైకి కనిపించేలా కట్టిన ఇళ్ళు ఎంత ముచ్చటగా ఉన్నాయో! కోట గోడ పక్కన బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచామో లేదో ఫోను మోగింది.

కారు తప్పింది. అదీ మామూలుగా కాదు. 2018 నుంచీ లోపాలని తరగతులుగా విడదీసి రాస్తున్నారు. మాది అన్నిటికన్నా గడ్డు తరగతి, డేంజరస్. వెనక చక్రానికి బ్రేకు నూనె వెళ్ళే గొట్టం తుప్పు పట్టి, ఏ క్షణాన్నయినా పగిలేలా ఉందట. ఆ రాత పడ్డాక బాగు చేయించకుండా కారుని అక్కణ్ణించి నడపడానికి వీల్లేదు.

మెకానిక్ ఆ ముక్క తీసి చూపించాడు. గోరుతో గీకితే పొడిలా రాలింది. అల్లుడుగారు దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. మా అమ్మాయి పల్లెత్తు మాట అనలేదు. పిల్లకి టోపీ సర్దుతూ ఉండిపోయింది.

కొత్త గొట్టం వేయించడానికి నూట ఎనభై పౌండ్లయింది. ఉన్నదాంట్లోంచి ఊడిన ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అదే గ్యారేజీలో బాగు చేయించాం కాబట్టి మళ్ళీ పరీక్షకి ఫీజు తీసుకోలేదు. సాయంత్రం అయిదింటికి పాసయింది. ఆ ఫలితం కంప్యూటరులోకి ఎక్కగానే, ఆకుపచ్చ చీటీ మీది పన్నెండంకెల నంబరుతో ఫోనులోనే టాక్సు కట్టేశారు. పాతాయన కట్టిన టాక్సు కారుతోపాటు మనకి రాదు. 2014 అక్టోబరు నుంచీ అంతే.

అప్పుడెక్కాం నలుగురం. లడ్లో దాటగానే రోడ్డు క్లీ హిల్ అనే కొండ ఎక్కుతుంది. పైన గాలి హోరు, కింద ఎంత దూరం చూసినా పొలాలే. అక్కడి గొర్రెలకి కంచె లేదు, రోడ్డు వాటిదే. మలుపు తిరిగామో లేదో అరడజను గొర్రెలు నడిరోడ్డు మీద తీరిగ్గా పడుకుని ఉన్నాయి. అల్లుడుగారు బ్రేకు తొక్కారు. కారు ఆగింది. పిల్ల నిద్ర కూడా లేవలేదు.

గొర్రెలు లేచేదాకా కూర్చున్నాం. ఆ తర్వాత దిగుడు. క్లియోబరీ మార్టిమర్ అనే ఊళ్ళో చర్చి గోపురం మెలితిరిగి ఉంటుంది. మునిమాపు వెలుగులో అదీ చూశాం. బ్యూడ్లీ దగ్గర సెవర్న్ నది దాటేసరికి చీకటి పడింది.

ఇంటి ముందు ఆపగానే లోపలికి పరిగెత్తి నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టాను. పక్కింటి దొరసాని కిటికీ తెర తీసి వింతగా చూసింది. "ఇది మా ఎం.ఓ.టి. అని చెప్పు" అన్నాను మా అమ్మాయితో.