పెండ్లికూతురి కమ్మలు

మా పెద్దమ్మాయికి వివాహము నిశ్చయమైన రాత్రి నా భార్య ఒక కాగితము మీద నగల పట్టీ వ్రాసి నా బైబిలులో పెట్టెను. ఎక్కడ పెట్టినయెడల నేను తప్పక చూచెదనో ఆమెకు తెలియును. హారము, జూకాలు, నాలుగు గాజులు, నానుతాడు, పుస్తె. అన్నిటి క్రింద ‘అప్పు చేయకుండ’ అని వ్రాసి రెండు గీతలు గీసెను.

ఇట్టి పట్టీలు సంఘస్థుల ఇండ్లలో ఎన్నో చూచితిని. తోచిన ఆలోచన చెప్పి, ప్రార్థన చేసి, లేచి వచ్చితిని. అది ఎంత సుళువైన పనియో నా యింటికి పట్టీ వచ్చువరకు నాకు తెలియలేదు.

2023 వేసవిలో ముగ్గురమును అంగడికి పోతిమి. 22 కారట్ల బంగారమనగా నూటికి 91.6 పాళ్లు మేలిమి. 916 ముద్రకు అర్థమదే. ఆ ఏప్రిల్ 1వ తేదీ నుండి ఆరు అక్షరాంకెల గుర్తు లేని హాల్‌మార్కు నగను అమ్మరాదని ప్రభుత్వము నిబంధించెను గనుక మేలిమిని గూర్చి నాకు దిగులు లేదు. దిగులంతయు తరుగుతోనే. మేము చూచిన హారము 40 గ్రాములు, తరుగు నూటికి 14. అనగా 5.6 గ్రాముల బంగారమునకు వెల చెల్లింపవలెను గాని ఆ బంగారము మన చేతికి రాదు. ఆ పైన జీఎస్టీ 3 శాతము. మరల అమ్మబోయిననాడు తరుగు తిరిగి రాదు, రాళ్ల బరువును తీసివేయుదురు. చదువరులలో ఆడపిల్లల తండ్రులు ఈ లెక్కను ఇంటియొద్దనే వేసికొని పోవుట మంచిది.

నేను వేసికొనియే పోతిని. అయినను అంగడివాడు, “అయ్యగారి అమ్మాయి బోసిమెడతో నిలబడితే బాగుంటుందాండీ?” అనగానే లెక్క మరచితిని. “వాయిదాలలో నెలకు ఎంత కట్టవలెను?” అని అడిగినది నా నోరే. నా భార్య నా వైపు చూచెను, ఏమియు అనలేదు.

అప్పుడు మా అమ్మాయి, “వద్దు నాన్నా. చిలకలపూడి సెట్టు ఒకటి తీసుకుందాం. ఫొటోలో ఎవరికి తెలుస్తుంది?” అనెను. బందరునంటి యున్న చిలకలపూడి గిల్టు నగలు తెలుగువారెల్లరు ఎరిగినవే. పిల్ల నవ్వుచునే చెప్పినది గాని ఆ ఊరిపేరు వినగానే నేను కుర్చీలో కూర్చుండిపోతిని.

1997లో నా మొదటి సంఘములో ఒక పెండ్లి జరిపించితిని. అప్పటికి నాకు 28 ఏండ్లు. సెమినరీ నుండి వచ్చి ఎంతో కాలము కాలేదు. పెండ్లికూతురు కూలివాని బిడ్డ. మెడనిండ నగలతో గుడి మెట్లయొద్దకు వచ్చెను. నేను పేతురు వ్రాసిన మొదటి పత్రిక మూడవ అధ్యాయము ఎత్తి, “బంగారమంతయు తీసివేసి లోపలికి రండి” అంటిని. ఆ పిల్ల మారు పలుకక అక్కడనే ఒక్కొక్కటి తీసి తండ్రి తుండుగుడ్డలో వేసెను. ఆరాధన దివ్యముగా జరిగినదని నేను సంతోషించితిని. జనులు భోజనములకు పోయిన తరువాత ఆ తండ్రి మూట పట్టుకొని వచ్చి, “అయ్యగారూ, ఇవన్నీ చిలకలపూడివేనండి. కమ్మలొక్కటే బంగారం. వాళ్లమ్మవి” అనెను. ఆ తల్లి క్రిందటి యేడు చనిపోయినది. అతనికి నేనేదో ప్రత్యుత్తరమిచ్చితిని. అదేమో నాకు జ్ఞాపకము లేదు, లేకపోవుటయే మేలు.

ఆ పత్రికను నేను గ్రీకు భాషలో చదివినవాడను. జడలల్లుట, బంగారము పెట్టుకొనుట, వస్త్రములు ధరించుట అను మూడును అక్కడ ఒకే వరుసలో ఉన్నవి. మొదటి రెండును నిషేధమైనయెడల మూడవదానిని ఏమి చేయుదుము? స్త్రీ సొగసు ఎక్కడనుండి రావలెనో అపొస్తలుడు చెప్పుచున్నాడు గాని గుడి మెట్లయొద్ద నగలు ఒలిపించుమని చెప్పలేదు. పరీక్షలో ఈ సంగతి వ్రాసి మార్కులు తెచ్చుకొంటిని. రిబ్కాకు ముక్కుకమ్మి, కడియములు ఇచ్చినవాడు అబ్రాహాము దాసుడు. అరణ్యములో దూడగా మారినవియు చెవిపోగులే. గ్రంథములో రెండును ఉన్నవి. నగలు లేక పెండ్లి చేసికొను సంఘములను నేను ఆక్షేపింపను. తన మనస్సాక్షిని బట్టి తానే తీసివేయుట వేరు, పదిమందిలో తీయించుట వేరు.

అంగడినుండి వట్టి చేతులతో వచ్చితిమి. ఇంటికి రాగానే నా భార్య మా అమ్మ పుస్తెను బయటికి తీసెను. సిలువ గుర్తు సగము అరిగిపోయినది. మా ఊరి కంసాలి దానిని గీటురాయి మీద గీసి, “పద్నాలుగు కారట్లే అయ్యగారూ” అని పెదవి విరిచెను. ఆశ్చర్యమేమున్నది? మా అమ్మ పెండ్లి 1964లో. మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగా నున్నప్పుడు, 1963 జనవరిలో, 14 కారట్లకు మించిన నగలు క్రొత్తగా చేయరాదని ఉత్తరువు వచ్చెను. కంసాలుల బ్రదుకులు ఎంతో నలిగిన కాలమది. తరువాత ఆ హద్దు సడలినది, బంగారు అదుపు చట్టమే 1990లో రద్దయినది. మా అమ్మ మాత్రము నూటికి 58 పాళ్ల ఆ పుస్తెతోనే యాబదియేండ్లకు పైగా కాపురము చేసెను. కరిగించి 22 చేయించుమని మా మేనత్త పట్టుబట్టెను. “ఇదే కట్టించండి నాన్నా” అని అమ్మాయి గుప్పిట మూసికొనెను. నానుతాడు మాత్రము ఉన్న సొమ్ముతో క్రొత్తది కొంటిమి. హారము చిలకలపూడిదే.

శుభలేఖ పట్టుకొని నేను మొట్టమొదట పోయినది 1997 నాటి ఆ పెండ్లికూతురి ఇంటికి. ఇప్పుడామెకు నలుబది దాటినవి. చెవులు బోసిగా నుండెను. నేను పోయిన పని చెప్పితిని, ఆ మెట్లయొద్ద జరిగిన దానికి క్షమింపుమని అడిగితిని. ఆమె చాలసేపు పమిట కొంగు మడుచుచు కూర్చుండెను.

“అప్పటినుంచి పెట్టుకోలేదండి. కుట్లు కూడా పూడిపోయాయి” అనెను.

పిమ్మట లోపలికి పోయి చిన్న రేకు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టెను. దూదిలో రెండు కమ్మలు.

“వచ్చే ఏడు మా అమ్మాయి పెళ్లి. మీరే వచ్చి చెయ్యాలి అయ్యగారూ. దాని చెవులకి ఇవే పెడతాను. తియ్యమనరుగా?”

రెండు గ్రాములైనను ఉండవేమో. ఆ డబ్బా మూత పెట్టుటకు నా చేతులకు చాల సమయము పట్టినది.