పసుపు చొక్కా బుడతడు

మా అబ్బాయి ఉండే న్యూజెర్సీలో, పాతవస్తువుల సంతలలో నేను ఏరుకున్న పిన్నుబిళ్ళలు ఏడు. అన్నింటిమీదా బోడిగుండు, పెద్ద చెవులు, పాదాలదాకా పసుపు చొక్కా గల ఒకే బుడతడు: రిచర్డ్ ఔట్‌కాల్ట్ చిత్రించిన ఎల్లో కిడ్. 1895లో న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వెలసి ఊరంతటినీ నవ్వించిన వీణ్ణి మరుసటి ఏడు హై అడ్మిరల్ సిగరెట్లవారు బిళ్ళలకెక్కించి పంచిపెట్టారు. పసివాడి నవ్వుతో పొగాకు అమ్మకమేమిటో, నాకు నేటికీ మింగుడు పడదు!

అయినా విడిచిపెట్టలేను. వీడి మాటలు చొక్కామీదనే ఉంటాయి. అవీ పేదవాడల యాసలో, పలికినది పలికినట్లే. సంధులూ సమాసాలూ బోధించి బ్రతికిన నాకు, వ్యాకరణానికి లొంగని ఆ అక్షరాలంటేనే మోజు. గిడుగువారు చూచి ఉంటే ముచ్చటపడేవారు సుమండీ.

బొమ్మ అచ్చొత్తిన కాగితంపై సెల్యులాయిడ్ పొర కప్పి లోహంతో బిగించే ఈ పనితనానికి 1896లో పేటెంటు పొందినది అదే రాష్ట్రంలోని న్యూవార్క్ సంస్థ, వైట్‌హెడ్ అండ్ హోగ్. బిళ్ళ వెనుక తయారీదారు కాగితం చెక్కుచెదరక ఉంటే సేకరించేవారికి పండుగే. తేమ తగిలిందా, బొమ్మకు గోధుమరంగు మరకలు, లోహానికి తుప్పు. మరిక బాగుచేయ వీలులేదు.

"కాకినాడ ఉప్పుగాలికి ఇవి ఆగవు, ఇక్కడే ఉంచండి నాన్నగారూ" అంటాడు అబ్బాయి. సబబే. కానీ తీసి చూచుకోలేని బిళ్ళలు నాకెందుకు? మా ఆవిడ అప్పుడే చెప్పులపెట్టెల్లోని సిలికా పొట్లాలు పోగుచేసి, స్టీలు డబ్బా ఒకటి తుడిచి పెట్టింది.